బట్ట కట్టే హక్కు నుంచి బట్ట ఎంచే కొలువు దాకా

(దళిత యువతీ యువకుల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)

నాకిచ్చిన కాగితం మీద 'స్వయం ఉపాధి' అని రాశారు. స్వయం ఉపాధి అనగానే మనకు గుర్తొచ్చేవి గేదెలు, కుట్టు మిషను, బడ్డీ కొట్టు. వాటి గురించి చెప్పడానికి కార్పొరేషన్ ఆఫీసు వాళ్ళున్నారు, ఏటా చెబుతూనే ఉన్నారు. నేను వేరే సంగతి మాట్లాడతాను. ఈ మధ్య మన పిల్లలు కొందరు వచ్చి అడుగుతున్నారు. "టీచర్, నేను పర్సనల్ స్టైలిస్ట్‌ని అవుతాను. ఇమేజ్ కన్సల్టెంట్ కోర్సు చేస్తాను. మా అమ్మా నాన్నకు మీరే చెప్పాలి" అని.

అమ్మానాన్నలు ఏమంటున్నారు? "డిగ్రీ చదివించింది ఒకళ్ళకి జడలేసి చీర కట్టడానికా టీచరమ్మా" అంటున్నారు. మన సంఘంలో కొందరు మిత్రులు ఇంకో మాట అంటున్నారు. ఇది పెట్టుబడిదారీ మోజు, ఉద్యమానికి దీనితో ఏం పని అని. రెండింటికీ జవాబు చెప్పాలనే వచ్చాను.

ముందు ఆ పనేమిటో తెలుసుకుందాం. పేరు ఇంగ్లీషుదైనా పని మనకు తెలియనిదేం కాదు. ఒక మనిషి వస్తాడు. రేపు ఇంటర్వ్యూ ఉందంటాడు, లేదా పెళ్ళి, లేదా కొత్త ఉద్యోగం. ఆ మనిషి ఒడ్డూ పొడుగూ, ఒంటి రంగు, చేసే పని, చేతిలో డబ్బు, ఈ నాలుగూ చూసి నీకు ఈ రంగు నప్పుతుంది, ఈ భుజం కొలత తగ్గించాలి, ఈ చొక్కా పారెయ్, ఈ చెప్పులు మార్చు అని చెప్పడం. బీరువా తీయించి ఉన్న బట్టల్లో పనికొచ్చేవేవో ఏరి పెట్టడం, కొత్తవి కొనేటప్పుడు వెంట వెళ్ళి ఎంచడం, దర్జీ దగ్గర సరిచేయించడం. ఇది స్టైలిస్టు పని. ఇమేజ్ కన్సల్టెంట్ అనే వాళ్ళు బట్టతో ఆగరు. ఎట్లా నిలబడాలి, ఎట్లా కూర్చోవాలి, చెయ్యి ఎట్లా కలపాలి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి ఎట్లా మాట్లాడాలి అనేది కూడా నేర్పుతారు. దానికి గంటకింత అని ఫీజు తీసుకుంటారు.

ఇప్పుడు చెప్పండి. మనిషి బట్ట, మనిషి నిలబడే తీరు, ఇవి ఈ దేశంలో ఎప్పుడన్నా సొంత విషయాలుగా ఉన్నాయా? మనుస్మృతి పదో అధ్యాయం తీసి చూడండి. చండాలుడు శవాల మీద బట్టలే కట్టుకోవాలి, ఇనుప నగలే పెట్టుకోవాలి, పగిలిన కుండలోనే తినాలి అని శాసనం చేసి పెట్టారు. అంటే మన మొదటి ఇమేజ్ కన్సల్టెంట్ మనువు. మనం ఎట్లా కనపడాలో మనల్ని అడక్కుండా నిర్ణయించినవాడు వాడు.

అది పాత పుస్తకం అంటారా? 1930లో తమిళదేశం రామనాథపురంలో కళ్ళర్లు ఆదిద్రావిడుల మీద నిషేధాలు పెట్టారు. బంగారం, వెండి పెట్టుకోకూడదు. మగవాళ్ళ బట్ట మోకాలు దిగకూడదు, నడుం పైకి రాకూడదు. చొక్కా, కోటు, బనీను తొడగకూడదు. జుట్టు కత్తిరించుకోకూడదు. ఆడవాళ్ళు రవిక వేసుకోకూడదు. గొడుగు పట్టకూడదు, చెప్పులు వేసుకోకూడదు. మాట విననందుకు గుడిసెలు తగలబెట్టారు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడితే 1859లో గానీ రాజు ప్రకటన చేయలేదు.

మన సంగతి ఇంకా విడ్డూరం. ఎస్సీ కులాల జాబితాలో ఇవాళ్టికీ 'మాల సాలె, నేతకాని' అని ఒక పేరుంది. అంటే ఏమిటి? మాలలు నేత నేశారు. ఊరందరికీ చెప్పులు కుట్టింది మాదిగలు. నేసినవాడికి మోకాలు దాటే బట్ట లేదు. కుట్టినవాడు పెద్ద బజారులో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. మా తాత తరం దాకా అదే నడిచింది, ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి 'బట్టల గురించి ఉద్యమానికేం పని' అనే మిత్రులకు నా జవాబు ఇది. గాంధీగారు 1921లో మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టారు, మహాత్ముడన్నారు. మనవాళ్ళకు విడవడానికి చొక్కా ఏది? బాబాసాహెబ్ సూటు వేసుకున్నాడు. మొన్న 2023లో హైదరాబాదులో, 2024లో విజయవాడలో 125 అడుగుల ఎత్తున నిలబెట్టిన విగ్రహాలు చూడండి. కోటు, టై, కాలికి బూట్లు. మన పల్లె నడిబొడ్డున సిమెంటుతో పోసిన చిన్న విగ్రహానికి కూడా అంతే. ఆ కోటు ఎందుకు ఉందో మన ముసలమ్మలకు తెలుసు. కొందరు మేధావులకు తెలియదు. ఒకమాట అనుకోకండి గానీ, పై కులం ఆయన మాసిన లాల్చీ తొడిగి సభకొస్తే ఎంత నిరాడంబరుడో అంటారు. మనవాడు అదే లాల్చీలో వస్తే కుర్చీలు సర్దడానికొచ్చాడనుకుంటారు.

1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతి తగలబెట్టిన రోజుల్లోనే బాబాసాహెబ్ ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. అంటరానివాళ్ళని చూడగానే తెలిసిపోయేట్టు కట్టే చీర కట్టు మానండి, ఆ బరువు కడియాలు, గొలుసులు తీసేయండి, శుభ్రమైన బట్ట కట్టండి అని చెప్పాడు. వాళ్ళు వెంటనే చీర కట్టు మార్చుకున్నారు. చెరువు నీళ్ళ పోరాటంలో చీర కట్టు మాటెందుకు అని ఆయన అనుకోలేదు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా వినాలి, ముఖ్యంగా కోర్సులో చేరతామనే పిల్లలు. బట్ట మారితే కులం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పాఠం కూడా బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని ఆయన రాసుకున్న చిన్న పుస్తకంలో మొదటి సంఘటన 1901 నాటిది. తండ్రి కోరేగావులో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకు రమ్మని కబురు పెట్టాడు. పిల్లలు బయల్దేరారు. ఇంగ్లీషు చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు. మసూరు స్టేషన్‌లో దిగారు. ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు వచ్చి ప్రేమగా పలకరించాడు. ఆ బట్టలు, ఆ మాట తీరు చూసి బ్రాహ్మల పిల్లలనుకున్నాడు. మీరెవరని అడిగాడు. తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు దాచడం ఏం తెలుసు? మహర్లమని చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది. గిరుక్కున తిరిగి తన గదిలోకి పోయాడు. బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడొచ్చాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. దారంతా నీళ్ళు దొరకలేదు.

చొక్కా పనిచేసింది. ఎంతసేపు? కులం అడిగే దాకా. ఆ తర్వాత అమెరికాలో చదివొచ్చిన మనిషికి 1917లో బరోడాలో ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అందుకని నేను పిల్లలకు చెప్పేది, ఈ పని నేర్చుకోండి, కానీ ఇది ఏం చేయగలదో ఏం చేయలేదో తెలుసుకుని నేర్చుకోండి అని.

ఈ వ్యాపారం ఎక్కడ పుట్టిందో కూడా చూద్దాం. అమెరికాలో జాన్ మొలాయ్ అనే ఆయన 1975లో 'డ్రెస్ ఫర్ సక్సెస్' అని పుస్తకం వేశాడు. అక్కడి ఆఫీసుల్లో ఏ కోటు వేసుకున్నవాడికి గౌరవం దొరుకుతుంది అని పరీక్షలు చేశాడు. వానకోటు సంగతి చూడండి. లేత గోధుమ రంగు వానకోటు వేసుకుంటే పై తరగతి వాడనుకుంటున్నారు, నల్లది వేసుకుంటే కింది తరగతి వాడనుకుంటున్నారు అని తేల్చాడు. అదే మనిషి, అదే వాన. కోటు రంగు వేరు. ఈ విద్య పుట్టుకలోనే తరగతి ఉంది. దాచిపెట్టకుండా చెప్పాడు గనక ఒక రకంగా మేలే చేశాడు.

మన దేశానికి వచ్చేసరికి ఆ తరగతికి కులం తోడైంది, ఒంటి రంగు తోడైంది. 1975 నుంచి మన ఆడపిల్లలకు 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' అమ్మారు. నల్లటి పిల్లకు ఉద్యోగం రాదు, తెల్లబడితే వస్తుందని టీవీలో బొమ్మ చూపించి అమ్మారు. 2020లో అమెరికాలో నల్లవాళ్ళు వీధుల్లోకి వచ్చాక పేరులో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. పేరైతే మార్చారు. మనసులో బొమ్మ మారిందా? మన పిల్ల స్టైలిస్టు అయి మన పిల్లలకే ఆ తెల్లపూత పూస్తే అది ఉపాధి అవుతుందేమో గానీ మనకొద్దు. నల్లటి ఒంటికి పసుపుపచ్చ, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఎంత బాగుంటాయో మన అమ్మలకు తెలుసు. ఆ తెలివిని శాస్త్రంగా మార్చి చెప్పగలిగిన స్టైలిస్టు కావాలి. నల్లగా ఉన్నావు గనక ఈ రంగు వద్దు అని చెప్పేవాళ్ళు బజారు నిండా ఉన్నారు.

ఇక తల్లిదండ్రుల మాటకు వస్తాను. వాళ్ళ భయం ఉత్తది కాదు. మనం తరతరాలుగా ఒకరికి చాకిరీ చేశాం. మళ్ళీ ఒకరి ఒంటి మీద బట్ట సర్దే పనా? న్యాయమైన ప్రశ్నే. నా లెక్క ఇట్లా ఉంటుంది. చాకిరీలో మూడు సంగతులుంటాయి. పని నువ్వు ఎంచుకోలేదు, కాదనే హక్కు నీకు లేదు, కూలి వాళ్ళు ఎంత పడేస్తే అంత. వెనక మేర గింజలు అట్లాగే కొలిచేవాళ్ళు, కల్లం చివర మిగిలినవి. స్టైలిస్టు పనిలో ఈ మూడూ తిరగబడాలి. పని నువ్వు ఎంచుకున్నావు. నచ్చని మనిషికి చేయనని చెప్పగలగాలి. ఫీజు ముందే చెప్పి, రశీదు రాసి తీసుకోవాలి. 'ఎంతో కొంత ఇవ్వండి' అనే మాట మన నోటి నుంచి రాకూడదు. ఆ మాట వచ్చిందంటే మేర మళ్ళీ వచ్చినట్టే. బోర్డు మీద నీ పేరు ఉండాలి.

2023 సెప్టెంబరులో కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. 18 రకాల వృత్తులు. దర్జీ, మంగలి, చాకలి, చెప్పులు కుట్టేవాళ్ళు అందులో ఉన్నారు. పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీకి అప్పు. తీసుకునేవాళ్ళు తీసుకోండి, మన పన్నుల డబ్బే అది. కానీ తాత పనే మనవడికి అనే వాసన అందులో నాకు కొడుతోంది. మన పిల్లలు తాత చేయని పని కావాలంటుంటే మనం అడ్డం పడొద్దు.

అడ్డు వేరే చోట ఉంది. మన పిల్ల ఒకమ్మాయి పట్నంలో ఒక బట్టల బొటిక్‌లో చేరింది. పని బాగా చేసింది. ఒకావిడ తన ఇంటికి వచ్చి బీరువా సర్దిపెట్టమంది, వెళ్ళింది. పట్టుచీరలన్నీ తీసి మంచం మీద పరిచి రంగుల వారీగా పెట్టింది. కాఫీ ఇచ్చారు. కాఫీ తాగుతుంటే ఆవిడ "మీరేమిట్లు?" అంది. ఈ పిల్ల దాచలేదు. ఆ తర్వాత రెండో రోజుకు రమ్మన్న పని రద్దయింది. బొటిక్ వాళ్ళు కారణం చెప్పలేదు. మసూరు స్టేషన్ మాస్టరు చనిపోయి ఎన్నేళ్ళయిందో గానీ ఆయన ముఖం ఇంకా తిరుగుతూనే ఉంది. గుమస్తా ఉద్యోగంలో కాగితం ముట్టుకుంటాం. ఈ పనిలో వాళ్ళ ఒంటి బట్ట ముట్టుకుంటాం. అంటు ఎక్కడ దాక్కుందో అక్కడికే ఈ పని తీసుకుపోతుంది. అందుకే ఈ పనిలోకి మనవాళ్ళు వెళ్ళాలంటున్నాను, సంఘం వెనకాల ఉండాలంటున్నాను. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా చేస్తోంది. కులం అడిగితే "ఫీజు ఇంత" అని జవాబు చెబుతోంది. నాకా జవాబు నచ్చింది.

చట్టం కూడా కొంచెం తెలిసి ఉండాలి. 1989 అట్రాసిటీ చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కొత్త బట్టలు, చెప్పులు వేసుకుని నలుగురిలో తిరగనివ్వకపోవడం, సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకపోవడం, పెళ్ళి ఊరేగింపు ఆపడం నేరమని అందులో విడమరిచి రాశారు. బలవంతంగా గుండు గీయడం, మీసం తీసేయడం, బట్టలూడదీయడం కూడా. ఒక దేశం చట్టంలో 'కొత్త బట్టలు' అని రాసుకోవాల్సి వచ్చిందంటే ఆలోచించండి. ఊరికే రాయలేదు. 1996 డిసెంబరు 29న అప్పటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో అయిదుగురు దళితుల్ని చిత్రహింసలు పెట్టి అందులో ఇద్దరికి గుండు గీశారు. ఆ కేసులో విశాఖ కోర్టు తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. 2020 జూలైలో సీతానగరం పోలీసు స్టేషన్‌లోనే మన కుర్రాడికి గుండు గీయించారు. 2023లో గుజరాత్ బనాస్‌కాంఠాలో మంచి బట్టలు, నల్ల కళ్ళజోడు పెట్టుకున్నాడని ఒక దళితుణ్ణి కొట్టారు. చుండూరు సంగతి మీకు తెలిసిందే. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా ముదిరి 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. చదువుకున్న మన కుర్రాడు బెదరకుండా కూర్చున్న తీరే వాళ్ళ కళ్ళలో గుచ్చుకుంది. ఇమేజ్ అనే మాటకు మన ఊళ్ళలో అర్థం అది.

ఇప్పుడు పని మొదలుపెట్టే సంగతి. తొందరపడి లక్షలు పోయకండి. ఈ వృత్తికి మన దేశంలో డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టు ప్రభుత్వ లైసెన్సు లేదు. ఏ ప్రైవేటు సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టూ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అది లేకుండా పని చేయకూడదని ఎవరూ ఆపలేరు. ఇది తెలియక అర ఎకరం తాకట్టు పెట్టేవాళ్ళు ఉంటారని భయంతో చెబుతున్నాను. తక్కువలో నేర్చుకోవాలంటే ఐటీఐల్లో ఏడాది కోర్సులున్నాయి. కాస్మెటాలజీ, డ్రెస్ మేకింగ్, ఫ్యాషన్ డిజైన్ అండ్ టెక్నాలజీ. పెద్ద చదువు కావాలంటే హైదరాబాదులో 1995 నుంచి నిఫ్ట్ ఉంది. కేంద్ర సంస్థ గనక ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లున్నాయి. ఫీజు మాత్రం బరువు. దరఖాస్తు పెట్టకముందే సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళి స్కాలర్‌షిప్పు సంగతి కాగితం మీద రాయించుకోండి, నోటి మాట నమ్మకండి.

కోర్సు కంటే ముందు బట్ట తెలియాలి. మంగళగిరి నూలుకు, పాలిస్టరు కలిసిన దానికి తేడా వేలితో నలిపి చెప్పగలగాలి. పోచంపల్లి ఇక్కత్ ఏది, దాని బొమ్మ అచ్చు కొట్టిన నకిలీ ఏది, తిరగేసి చూస్తే తెలియాలి. వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల, నారాయణపేట, ఏది ఎవరికి, ఏ వేళకు. చొక్కా భుజం కుట్టు ఎక్కడ ఆగాలి, ప్యాంటు పొడవు బూటు మీద ఎంత పడాలి అనేది దర్జీ పక్కన ఆరు నెలలు కూర్చుంటే వచ్చినంతగా పుస్తకంతో రాదు. కొలత టేపు పట్టడం రాని స్టైలిస్టును నేనైతే నమ్మను.

మొదటి బేరాలు పట్నం మేడల్లో వెతకొద్దు. మన చుట్టూనే ఉన్నాయి. రిజర్వేషను సీట్లో గెలిచిన మన సర్పంచి అక్క మొదటిసారి కలెక్టరు మీటింగుకు వెళుతోంది. ఫ్లెక్సీ కోసం వార్డు మెంబరు ఫోటో దిగాలి. లా చదివిన కుర్రాడు మొదటిసారి నల్లకోటు తొడుక్కోవాలి, కోటు భుజాలు జారిపోతున్నాయి. పెళ్ళికొడుకు సూటు అద్దెకు తెచ్చాడు, చేతులు పొట్టి. ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లలున్నారు. కేంద్రంలో కింది స్థాయి పోస్టులకు 2016 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. అది మనకు మంచిదే. కానీ సివిల్స్‌లో ఇప్పటికీ 2025 మార్కుల్లో 275 'పర్సనాలిటీ టెస్టు'కే. ప్రైవేటు కంపెనీల్లో అయితే మొత్తం ఇంటర్వ్యూనే. మనవాళ్ళు రాతపరీక్షలో గెలిచి ఆ గదిలో జారిపోతున్నారు. ఆ గదిలో ఎట్లా కూర్చోవాలో వాళ్ళింట్లో చూసి నేర్చుకోవడానికి ఎవరూ లేరు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. ఇంటర్వ్యూకు ఏ చీర కట్టాలో అడగడానికి నాకూ మనిషి లేదు. ఆ మనిషి పల్లెకొకరు ఉంటే చాలు.

ఇట్లాంటివి పది చేసి, వాళ్ళ అనుమతి తీసుకుని ముందు ఫోటో, తర్వాత ఫోటో పెట్టుకుంటే అదే సర్టిఫికెట్టు. అనుమతి లేకుండా ఎవరి ఫోటో ఫోన్లో పెట్టొద్దు, ముఖ్యంగా ఆడపిల్లలది. తర్వాత ఫోటో స్టూడియో, దర్జీ, ఫంక్షను హాలు వాళ్ళతో మాట్లాడుకోవాలి. అప్పు కావాలంటే ముద్రాలో 50,000 దాకా 'శిశు', ఆ పైన 5 లక్షల దాకా 'కిశోర్'. తాకట్టు అడగకూడదని నిబంధన. మేనేజరు అడిగితే రాసివ్వమనండి. రాసివ్వడు.

ఒక్క సంగతి నా పట్టుదల. ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లకు చీర, నడక సరిచేయండి. యాస మార్చుకో, ఇంటిపేరు మింగెయ్, ఊరు అడిగితే పల్లె పేరు చెప్పకు అని మాత్రం నేర్పకండి. పట్నంలో కొందరు కన్సల్టెంట్లు అదే నేర్పుతున్నారు, డబ్బు తీసుకుని మరీ. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఇద్దరు అట్లాంటి క్లాసుకు వెళ్ళొచ్చారు. వాళ్ళని అడగండి, చెబుతారు.

తర్వాత అట్రాసిటీ చట్టం మీద లాయరుగారు మాట్లాడతారు, నేను పైపైన చెప్పింది ఆయన వివరంగా చెబుతారు. కోర్సుల కరపత్రాలు, ఫీజు కాగితాలు తెచ్చినవాళ్ళు భోజనాల దగ్గర నా దగ్గరికి రండి. సంతకం పెట్టేముందు కలిసి చదువుదాం. తల్లిదండ్రులను కూడా వెంటపెట్టుకు రండి.

జైభీమ్.